ఫారం ఏడు

పైడమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చేసరికి నీలవేణి టోపీల్ని స్పిరిటుతో తుడుస్తోంది. టోపీలంటే మరేం కాదు, బ్యూటీ పార్లర్లో తల ఆరబెట్టడానికి కూచోబెట్టి పైనుంచి దించుతారే, చూడ్డానికి అచ్చం అలాంటివే. కాకపోతే వీటిలోంచి వేడిగాలి రాదు. టోపీ కింద కూచున్న పిల్ల ఏదైనా ఒక పాఠాన్ని మనసులో తలుచుకుంటే, ఆ పాఠం బుర్రలో ఎంత గట్టిగా నిలిచిందో, ఎవరి గొంతుతో లోపలికి చేరిందో ఎదురుగా తెరమీద గీతలుగా పడుతుంది. పాఠానికి నల్లగీత, నేర్పినవాళ్ళ గొంతుకి ఎర్రగీత. శాస్త్రజ్ఞులు దీనికి నోరు తిరగని పేరొకటి పెట్టారు. భీమిలి జనం మాత్రం దాన్ని జాడ అంటారు.

"ఓలమ్మా, నీకో మాట అడగాల. మరేటీ అనుకోకు," అంది పైడమ్మ.

"అనుకోడానికేముంది? కూచో పైడమ్మా."

పైడమ్మ కూచోలేదు. "ఈ గుంటకి పద్యాలు నేర్పింది నానే గదా. మాట వచ్చిన కాడ్నుంచీ ఒళ్ళో కూకోబెట్టుకుని నేర్పినాను. ఆర్నెల్ల కిందట మీరీ టోపీ ఎట్టినప్పుడు ఆ ఎర్రగీత నాదేనని నువ్వే సూపించినావు."

"అవును, నాకు గుర్తుంది."

"మరిప్పుడిది ఏటడుగుతందో తెల్సా? నాకీ పద్యాలు ఎవులు నేర్పినారే మామ్మా అని అడుగుతంది."

నీలవేణి నవ్వేసింది. పిల్లలకేం, నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. ఆ పిల్లని దగ్గరికి పిలిచి ఒక పద్యం చెప్పమంది. పిల్ల చేతులు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా నాలుగు పద్యాలు అప్పజెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. "తెల్దు. ఎవులూ నేర్పలేదు. ఉన్నాయంతే."

"ఇదొక్కటే అయితే నానిక్కడికి వచ్చీదాన్ని కాదు," అంటూ పైడమ్మ తలుపు అవతలికి వెళ్ళి, తలుపు చేరేసి, అక్కణ్ణుంచి పిలిచింది. "సిట్టీ, ఇలా రాయే."

ఆ పిల్ల ఉలిక్కిపడింది. పరుగున వచ్చి నీలవేణి చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి దాక్కుంది. "ఎవులది? ఎవులదా గొంతు?"

తలుపు తెరుచుకుని పైడమ్మ కనబడగానే పిల్ల మొహం విప్పారింది. "మామ్మే!" అని నవ్వింది. పైడమ్మ నవ్వలేదు.

ఒకసారి పరీక్ష అయిన పాఠాన్ని జాడ మళ్ళీ చదవదు. అలా చదవకుండా లోపలే తాళం వేసి పెట్టారు. ఆ తాళం తీసే సంకేతం తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకరు ప్రయోగశాల పెద్ద మార్తాండరావు, రెండోది నీలవేణి. ఆమె ఆ మధ్యాహ్నం, చెయ్యకూడదని తెలిసి తెలిసీ, ఆ పిల్లని టోపీ కింద కూచోబెట్టి అదే పద్యం తలుచుకోమంది. నల్లగీత కొండలా లేచింది. ఎర్రగీత అసలు లేవలేదు, తెర అడుగున చాపలా పరుచుకుని ఉండిపోయింది.

జాడ ఏం చేస్తోందో అప్పుడర్థమైంది ఆమెకి. చదవడానికి అది జ్ఞాపకాన్ని కదిలిస్తుంది. పాఠం కదిలి, మళ్ళీ తన చోట తాను కూచుంటుంది. గొంతు మాత్రం వెనక్కి రాదు. అదొక పోగు లాంటిది, ఒక చోట లాగితే కుట్టంతా ఊడి చేతికొస్తుంది.

మరి మూడు వందల మంది పిల్లల మీద పరీక్షించినప్పుడు ఈ సంగతి ఎందుకు బయటపడలేదు? ఎందుకంటే ఎవరూ చూడలేదు కనక. టోపీ తీశాక ప్రతి పిల్లచేతా పాఠం అప్పజెప్పించారు. అందరూ గడగడా అప్పజెప్పారు. మన దగ్గర పాఠం అప్పజెప్పిన పిల్లని ఇంకో ప్రశ్న ఎవరడుగుతారు? చదువు వచ్చిందనడానికి అంతకంటే రుజువేం కావాలి? 'పిల్లలందరూ పొల్లుపోకుండా అప్పజెప్పారు. యంత్రం వల్ల హాని లేదు' అని నివేదికలో రాసి, కింద సంతకం పెట్టింది కూడా నీలవేణే.

ఆమె భయం పైడమ్మ మనవరాలి కోసమే అని చెబితే అబద్ధమవుతుంది. ఆమె సంచిలో పొద్దున్నే వచ్చిన నోటీసు ఒకటుంది. ఆమె కూతురు పావనికి తొమ్మిదేళ్ళు నిండాయి. ఇంటి దగ్గర చదివే పిల్ల కనక ఈ నెల ఇరవై ఎనిమిదిన జాడ పరీక్షకి హాజరు కావాలని అందులో ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి పావని కుట్టుమిషన్ ముందు కూచుని పెడల్ తొక్కుతూ పదమూడో ఎక్కం చెబుతోంది. మిషన్లో గుడ్డ లేదు, సూదిలో దారం లేదు. చక్రం ఉత్తినే తిరుగుతోంది. ఆ టకటకకి సరిగ్గా అతికినట్టు మాటలు వస్తున్నాయి, ఎక్కడా తడబాటు లేదు.

ఇదే పిల్ల రెండేళ్ళు బడికెళ్ళింది. నత్తి. 'ప' దగ్గర ఆగిపోయి తన పేరు తనే చెప్పుకోలేకపోయేది. క్లాసులో పిల్లలు వెక్కిరించారు, ఒక పంతులు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ తరవాత పావని మాట్లాడటం మానేసింది. బళ్ళోనే కాదు, ఇంట్లో కూడా. పదకొండు నెలలు ఆ ఇంట్లో పిల్ల గొంతు వినబడలేదు. అప్పుడు జోగారావు, అంటే నీలవేణి మొగుడు, పిల్లని బడి మాన్పించి తన కుట్టుమిషన్ పక్కన చిన్న స్టూలు వేశాడు. ఆయన ఊరందరికీ చొక్కాలు కుట్టే దర్జీ. పెడల్ తొక్కుతూ, ఆ తాళానికి ఒక మాట తను చెప్పి, ఇంకో మాట పిల్లచేత చెప్పించేవాడు. పిల్ల ఆగిపోతే విసుక్కునేవాడు కాదు. "తొక్కు తల్లీ, తొక్కు. బండి కదిలితే మాట కదుల్తుంది," అనేవాడు. ఏడాది తిరిగేసరికి పావని పేపర్లో వార్తలు చదివి వినిపించే దాకా వచ్చింది.

ఎనిమిది నెలల కిందట, చొక్కా గుడ్డలు తేవడానికి విశాఖ వెళ్ళిన జోగారావు దారిలోనే గుండె ఆగి పోయాడు. అప్పుడు నీలవేణి భయమంతా పిల్ల మళ్ళీ మూగదైపోతుందని. అలా జరగలేదు. ఎలా మాట్లాడగలుగుతున్నావని ఒకసారి అడిగితే పావని చెప్పింది, "ఆ..ఆగిపోయినప్పుడు నాన్న లోపల చెబుతారు, తొక్కు తల్లీ అని. అప్పుడు వచ్చేస్తుంది."

ఇప్పుడా మాట గుర్తొచ్చి నీలవేణి గుమ్మంలోనే చతికిలబడింది.

"ఏంటమ్మా?" అంది పావని.

"ఏం లేదు. ఎండకి కళ్ళు తిరిగాయి."

మర్నాడు పొద్దున్నే నోటీసు పట్టుకుని గ్రంథాలయం వరండాకి పరిగెత్తింది. ఇస్మాయిల్ గారు విద్యాశాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పిల్లల్ని ఇంట్లో చదివించుకునే కుటుంబాలకి ఆ చుట్టుపక్కల ఆయనే దిక్కు. చట్టం పుస్తకం బల్లమీద ఉంటుంది గానీ ఆయన దాన్ని తెరవగా ఎవరూ చూడలేదు, అంతా నోటికే వచ్చు.

"చూడమ్మా, గృహవిద్యా చట్టం అడిగేవి నాలుగే," అన్నారాయన వేళ్ళు ముడుస్తూ. "జూన్ పదిహేను లోపల దరఖాస్తు. ఎవరు నేర్పుతారో వాళ్ళ పేరూ, గొంతు నమూనా. ఏడాదికి నూట ఎనభై రోజులకి తగ్గకుండా పాఠాల దినచర్య. తొమ్మిదేళ్ళు నిండాక జాడ పరీక్ష. పేరిచ్చిన బోధకుడి గొంతు సగం పాఠాల్లోనైనా కనబడాలి. లేకపోతే పిల్లకి చదువు చెప్పలేదనే లెక్క. వారంలో వసతి పాఠశాలకి తీసుకుపోతారు."

"పరీక్షకి వెళ్ళకపోతే?"

"వెళ్ళకపోయినా అంతే."

ఆ చట్టం ఊరికే పుట్టలేదు. ఇంట్లో చదివిస్తున్నామని కాగితం మీద రాసి, పిల్లల్ని రొయ్యల షెడ్లలో తలలు వలవడానికి పంపేవాళ్ళు ఎక్కువైపోయారు. పిల్లలు చచ్చీ చెడీ పని చేస్తుంటే దినచర్యలు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో వచ్చేవి. కాగితం అబద్ధమాడుతుంది, బుర్ర ఆడదు అని మార్తాండరావు సభలో చెప్పినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నీలవేణి. అది తలుచుకుంటే ఇప్పుడు ఆమెకి తన చేతుల్ని తనే నరుక్కోవాలనిపించింది.

జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఇస్మాయిల్ గారు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు.

"రికార్డుల్లో బోధకుడు ఇంకా జోగారావేనా? ఆయన పోయిన ముప్పై రోజుల్లో పేరు మార్చమని ఫారం ఏడు నేనే నీ చేతికిచ్చాను కదమ్మా. నీ పేరు పెట్టి ఉంటే పరీక్ష ఏడాది వాయిదా పడేది. కొత్త గొంతు జాడ పడటానికి ఏడాది పడుతుంది కనక ఆ వెసులుబాటు ఇచ్చారు."

నీలవేణి సంచిలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. మొదటి గడిలో 'జోగారావు' అని ఉంది. రెండో గడి కింద చిన్న అక్షరాల్లో, 'పాత బోధకుని పేరుకి ఎదురుగా తొలగించడమైనది అని దరఖాస్తుదారు స్వహస్తంతో రాయవలెను' అని అచ్చేసి ఉంది. ఆ గడిలో 'తొ' అనే ఒక్క అక్షరం ఉంది. పక్కన కలం ఆగిన చోట సిరా చుక్క ఊరింది.

"నాలుగుసార్లు కూచున్నానండీ. ఆయన్ని తొలగించడమైనది అని నా చేత్తో నేను రాయలేకపోయాను. చెయ్యి కదల్లేదు. గడువు దాటిపోయింది."

ఇస్మాయిల్ గారు బల్లమీది చట్టం పుస్తకం ముందుకి లాక్కున్నారు. మొదటిసారి ఆయన పుస్తకం తెరిచారు. పేజీలు తిప్పి తిప్పి ఒకచోట వేలు పెట్టారు.

"పద్నాలుగో నియమం. యంత్రం వల్ల హాని ఉందని ఎవరైనా కమిటీ ముందు, కళ్ళెదుట, కొలతతో చూపిస్తే విచారణ ముగిసేదాకా జిల్లాలో పరీక్షలు ఆపాలి. చూపించగలవా?"

ఆమె తిన్నగా మార్తాండరావు గదికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల కోసం ముప్పై ఏళ్ళు కష్టపడ్డ మనిషి. పైడమ్మ మనవరాలి గీతలు చూసి ఆయన మొహం పాలిపోయింది కూడా. అయినా తేరుకున్నాడు.

"పోలిక ఏదీ నీలవేణీ? పాసైన పిల్లల గీతలూ, వాళ్ళకి నేర్పినవాళ్ళ గొంతు నమూనాలూ చెరిపెయ్యాలని నియమం. ఆ పిల్ల మొదటి గీత మన దగ్గర లేదు. మామ్మ అసలు నేర్పలేదేమో అంటారు కమిటీవాళ్ళు. పైగా తాళం తీసి పిల్లని రెండోసారి చదివావు. అది నేరం, తెలుసా?"

"తెలుసు సార్."

"ఈ యంత్రం వచ్చాక రొయ్యల షెడ్లలోంచి నాలుగు వేల మంది బయటికొచ్చారు. ఒక్క గొంతు కోసం దీన్ని ఆపమంటావా?"

"ఒక్క గొంతు కాదు సార్. ప్రతి పిల్లా ఒక గొంతు పోగొట్టుకుంటోంది. అమ్మది, నాన్నది, మామ్మది. పోయిందని కూడా వాళ్ళకి తెలీదు. ఏడవడానికి కూడా వాళ్ళకేం మిగల్లేదు."

ఆయన కిటికీ వైపు తిరిగి, "కళ్ళెదుట చూపిస్తే నేను కాదనను," అన్నాడు గొణుగుతూ.

కళ్ళెదుట చూపించడానికి మనిషి కావాలి. పిల్లలు కుదరరు, ఎవరి పిల్లని పణం పెడుతుంది? పెద్దవాళ్ళు కావాలి. వాళ్ళకి ఎవరో ఒక పాఠం నేర్పి ఉండాలి, ఆ నేర్పినవాళ్ళ గొంతు నమూనా విద్యాశాఖ రికార్డుల్లో ఉండాలి. అలాంటి నమూనాలు ఇంటి బోధకులవి తప్ప వేరెవరివీ లేవు. జాడ పడటానికి ఏడాది కావాలి కనక, ఆ బోధకుల దగ్గర కనీసం ఏడాది ముందే ఏదో ఒకటి నేర్చుకున్న పెద్దవాళ్ళు జిల్లాలో ఎంతమంది ఉంటారు? నీలవేణి వీధి మలుపులో నిలబడిపోయింది. ఆమెకి తెలిసి ఒక్కరే ఉన్నారు.

పెళ్ళైన కొత్తలో జోగారావు ఆమెకి చొక్కాలకి కాజాలు కుట్టడం నేర్పాడు.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్న, అన్నం పొయ్యి మీద పెట్టి, వంటింట్లో నిలబడి ఫోన్లో ఆయన పంపిన ఒక మాట విన్నది. అది పనికిమాలిన మాటే, చెరపకుండా మిగిలిపోయిందంతే. "వేణీ, కొత్త సూదులు తెచ్చావా?" ఆయన ఒక్కడే ఆమెని వేణి అనేవాడు. చివర కొంచెం సాగదీసి, సగం నవ్వు ఆపుకుంటున్నట్టు. ఆమె ఏడుసార్లు విన్నది. ఎనిమిదోసారి వినబోయి, అన్నం అడుగంటుతున్న వాసన వస్తే ఆపేసింది. ఆ తరవాత, ఆ ఎనిమిదోసారి కూడా విని ఉండాల్సిందని దారి పొడుగునా అనుకుంది.

పరీక్ష జరిగే బడి హాల్లో విద్యాధికారిణి, ఒక డాక్టరు, మార్తాండరావు బల్ల వెనక కూచున్నారు. బయట బెంచీ మీద పావని, పైడమ్మ పక్కపక్కన ఉన్నారు. పావని పాదం నేలమీద తాళం వేస్తోంది. పిల్ల భయపడుతోందని నీలవేణికి ఆ పాదం చూస్తేనే తెలిసింది.

ఇస్మాయిల్ గారు పద్నాలుగో నియమం చదివి వినిపించారు. అధికారిణి విసుగ్గానే ఒప్పుకుంది. "ముందే చెబుతున్నానమ్మా, ఏం తేలకపోతే మీ అమ్మాయి పరీక్ష ఇవాళే అవుతుంది."

"అలాగేనండీ."

నీలవేణి ఫోన్లోంచి జోగారావు మాట తీసుకుని, వేరే నలుగురు మగవాళ్ళ గొంతుల్లో కలిపి, అయిదూ ఒకదాని తరవాత ఒకటి వినిపించారు. మూడోది మొదలవగానే నీలవేణి చెయ్యెత్తింది. పూర్తిగా వినాల్సిన పనే లేకపోయింది. "ఇదే. మా ఆయన."

డాక్టరు రాసుకున్నాడు. మార్తాండరావు స్వయంగా టోపీ దించాడు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. "నీలవేణీ, ఇప్పటికైనా ఆలోచించుకో," అన్నాడు ఆమెకి మాత్రమే వినబడేలా.

"కాజా కుట్టడం," అంది ఆమె పైకి. "అదీ నా పాఠం."

కళ్ళు మూసుకుంది. మీట నొక్కిన చప్పుడైంది. ఆ మరుక్షణం జోగారావు వచ్చేశాడు. అలా వస్తాడని ఆమె అనుకోలేదు. ఫోన్లో కంటే, కలలో కంటే దగ్గరగా, చెవి పక్కనే ఉన్నాడు. వక్కపొడి వాసన కూడా వచ్చింది. "గుచ్చు, చుట్టు, లాగు. గట్టిగా కాదు వేణీ, గుడ్డ ముడుచుకుంటుంది. ఆఁ, అలా. గుచ్చు, చుట్టు, లాగు." వద్దు, ఆపెయ్యండి అని అరవబోయింది. తలుపు అవతల పిల్ల పాదం చప్పుడు గుర్తుచేసుకుని పళ్ళు బిగించింది.

గుచ్చు, చుట్టు, లాగు. మళ్ళీ గుచ్చు, చుట్టు, లాగు. ఎక్కడ మారిందో ఆమెకి తెలీలేదు. మాటలు అవే వస్తున్నాయి. కానీ వాటిని ఎవరూ అనడం లేదు. పుస్తకంలో అచ్చుమాటలు మనసులో చదువుకుంటున్నట్టు వస్తున్నాయి, అంతే.

తెరమీద నల్లగీత, ఎర్రగీత రెండూ నిలువెత్తున లేచి ఉన్నాయి. డాక్టరు వాటిని అచ్చు తీయించాడు. మార్తాండరావు తాళం తీసి, అదే పాఠాన్ని రెండోసారి చదివాడు. నల్లగీత లేచింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎర్రగీత లేవలేదు. నీలవేణి మనసుతో నటించగలదేమో గానీ గీతతో నటించలేదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు మార్తాండరావు. ఆయన కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"గొంతులు ఇంకోసారి వినిపించండి," అన్నాడు డాక్టరు.

వరస మార్చి వినిపించారు. నీలవేణి అయిదూ పూర్తిగా విన్నది. మళ్ళీ పెట్టమంది. అయిదుగురూ దారిన పోయే మనుషుల్లాగే ఉన్నారు. వాళ్ళలో ఒకడు ఎవరో వేణి అనే ఆవిణ్ణి సూదులు తెచ్చావా అని అడుగుతున్నాడు. వేణి తనేనని తెలుసు. ఆ మాట అన్నవాడు జోగారావే అయ్యుండాలని కూడా తెలుసు, పొద్దున్న వంటింట్లో విన్నట్టు గుర్తుంది కనక. కానీ ఆ మనిషి తనని పిలుస్తున్నట్టు ఎంతకీ అనిపించలేదు.

"సూదులతన్నే అనుకుంటానండీ," అంది. "మాటల్ని బట్టి చెబుతున్నాను. గొంతు నాకు తెలీదు."

అధికారిణి కలం కింద పెట్టేసింది. ఆమెకీ స్కూలుకెళ్ళే కొడుకున్నాడు. రెండు నిమిషాల తరవాత, విచారణ ముగిసేదాకా ఆర్నెల్లపాటు జిల్లాలో జాడ పరీక్షలన్నీ నిలిపివేస్తున్నామని చదివి సంతకం చేసింది. నీలవేణి గడువు దాటినా ఫారం ఏడు ఇచ్చుకోవచ్చని ఇస్మాయిల్ గారు పట్టుబట్టి అందులోనే రాయించారు. ఆర్నెల్ల తరవాత ఏమవుతుందో ఎవరికీ తెలీదు. యంత్రాలు ఇంకా నలభై ఉన్నాయి, పక్క జిల్లాల్లో ఆ మధ్యాహ్నం కూడా టోపీలు దిగుతూనే ఉన్నాయి.

బయటికి రాగానే పావని ఎదురు పరిగెత్తుకొచ్చింది. "అ..అ.." అని ఆగింది. పాదం నేలకి తాటించింది. "అమ్మా, నన్ను తీసుకుపోతారా?"

"లేదమ్మా. మనింటికే పోతున్నాం."

పైడమ్మ మాత్రం నీలవేణి కళ్ళలోకి చూసింది. మనవరాలి మొహంలో ఆర్నెల్లుగా చూస్తున్నదేదో అక్కడా కనబడి ఉంటుంది. ఏమీ అడక్కుండా ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

మూడు రోజుల తరవాత, మధ్యాహ్నం భోజనాలయ్యాక నీలవేణి బల్ల ముందు కూచుంది. పావని మిషన్ దగ్గర తన గౌనుకి అంచు కుడుతోంది. నీలవేణి సంచిలోంచి పాత ఫారం తీసి, మడతలు చేత్తో సాపు చేసి, కలం అందుకుంది. రెండో గడిలో 'తొ' పక్కన మొదలుపెట్టి 'లగించడమైనది' అని పూర్తిచేసింది. మూడో గడిలో కొత్త బోధకురాలిగా తన పేరు రాసింది. నాలుగో గడిలో తారీఖు వేసింది. ఆ తరవాత, సిరా ఆరిందో లేదోనని చూస్తుంటే, ఏం చేసిందో తెలిసింది.

చెయ్యి ఆగలేదు. కాస్త తటపటాయించనైనా లేదు. కిరాణా చీటీ రాసినట్టు రాసేసింది.

జోగారావు మొహం గుర్తుంది, చొక్కా జేబులో టేపు పెట్టుకునే అలవాటు గుర్తుంది, పెళ్ళైన తారీఖు గుర్తుంది. అన్నీ ఉన్నాయి. అడిగితే అన్నీ చెప్పగలదు. మరి ఆ ఒక్క అక్షరం దగ్గర ఎనిమిది నెలలు ఏడ్చిన మనిషి ఏమైంది? పిల్ల దగ్గర పోగూడదని తను పోగొట్టుకున్నది ఒక గొంతే అనుకుంది. గొంతుతో పాటు ఇంకేం ఊడి వెళ్ళిపోయిందో లెక్క చూసుకోవడానికి కూడా ఆమెకి భయమేసింది.

"పావనీ," అంది. "నాన్న నన్నెలా పిలిచేవారే?"

మిషన్ ఆగింది. పావని తల్లిని వింతగా చూసింది. తరవాత పాదం పెడల్ మీద పెట్టి, మెల్లగా తొక్కి, చివర కాస్త సాగదీస్తూ, నవ్వు ఆపుకుంటున్నట్టు అంది. "వేణీ, కొత్త సూదులు తెచ్చావా?"

ఒక్క చోటా తడబడలేదు.

"ఇంకోసారి అను."

పిల్ల ఇంకోసారి అంది. మూడోసారి కూడా అని, చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "ఇప్పుడు నువ్వను," అంది, తండ్రి దగ్గర తను నేర్చుకున్న పద్ధతిలోనే.

"వేణీ, కొత్త సూదులు తెచ్చావా?" అంది నీలవేణి. సాగదీయాల్సిన చోట సాగదీసింది. నవ్వు ఆపుకోవాల్సిన చోట ఆపుకుంది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

పావని తల్లి మొహంలోకి చూసింది. "స..స.." అని ఆగింది. పాదం పెడల్ని వెతుక్కుంది, చక్రం ఒక చుట్టు తిరిగింది.

"సరిగ్గానే అప్పజెప్పావమ్మా," అంది, ఏడుస్తూ.